పురుగుల ఆయుష్షు లెక్క: మళ్లీ చేస్తే అదే అంకె ఎందుకు రాదు?

ఈసారి ప్రశ్న–జవాబు శీర్షిక ముసలితనం మీద ల్యాబుల్లో జరిగే పరిశోధన గురించి. సీ. ఎలిగన్స్ అనే నులిపురుగుతో పనిచేస్తున్న విద్యార్థులూ, "ఆయుష్షు పెంచే మందు" వార్తలు చదివి అనుమానం వచ్చిన పాఠకులూ పంపిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఫలానా మందు వేస్తే పురుగు ముప్ఫై శాతం ఎక్కువ బతికిందని ఒక ఏడాది వార్త వస్తుంది. రెండేళ్లకి అదేం లేదంటారు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు)

ఎవరూ అబద్ధం చెప్పకుండానే అలా జరుగుతుంది మాస్టారూ. ముందు పురుగు సంగతి చూద్దాం. సీ. ఎలిగన్స్ మిల్లీమీటరు పొడవుంటుంది, కుళ్లిన పండ్లలో, ఆకుల్లో పెరుగుతుంది, మనిషికి ఏ హానీ చెయ్యదు. 20 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దపురుగు కావడానికి మూడు, మూడున్నర రోజులు. మొత్తం బతుకు రెండు మూడు వారాలు. ఎలుకతో మూడేళ్లు పట్టే ప్రయోగం దీనితో నెలలో అయిపోతుంది. డాఫ్-2 అనే ఒక్క జన్యువు దెబ్బతింటే పురుగు రెట్టింపు కాలం బతుకుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం చూపించాక ఈ రంగం ఊపందుకుంది.

చిక్కు ఎక్కడొస్తుందో ఒక ఉదాహరణలో చూడండి. సర్-2.1 అనే జన్యువు ప్రతులు ఎక్కువుంటే పురుగు ఎక్కువకాలం బతుకుతుందని 2001లో ప్రచురించారు. పదేళ్ల తర్వాత, 2011లో, మరో బృందం అదే పురుగుల్ని మామూలు రకంతో తరం తర్వాత తరం సంకరం చేసి చూస్తే ఆ ఎక్కువ ఆయుష్షు పోయింది, జన్యువు ప్రతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ పురుగుల్లో ఇంద్రియ నాడుల్ని దెబ్బతీసే వేరే మార్పొకటి దాగి ఉంది. ఆయుష్షు పెరిగింది దానివల్ల. మొదటివాళ్లు కొలిచిన కొలత సరైనదే. దానికి కారణమని వేలు పెట్టి చూపించింది తప్పు.

ఇలాంటివి పోగుపడ్డాక అమెరికా జాతీయ వార్ధక్య సంస్థ డబ్బుతో మూడు ల్యాబులు కలిసి ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలోని బక్ ఇన్‌స్టిట్యూట్, ఒరెగాన్ విశ్వవిద్యాలయం, న్యూజెర్సీలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయం. ముగ్గురూ ఒకే పద్ధతి రాసుకుని, ఒకే పురుగుల్నీ ఒకే మందుల్నీ వాడి, 2017లో ఫలితాలు బయటపెట్టారు. మూడు జాతులకు చెందిన 22 రకాల పురుగులు, పది రసాయనాలు. ఆ పదీ ఆయుష్షు పెంచుతాయని అప్పటికే పేరున్నవే. కనీసం ఒక్క రకంలోనైనా నిజంగా పెంచినవి ఆరు. దాదాపు అన్ని రకాల్లోనూ గట్టిగా నిలబడింది థయోఫ్లేవిన్-టీ అనే రంగు. వీటన్నిటికంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది మరోటి ఉంది. పద్ధతి ఒక్కటయ్యాక ల్యాబుకీ ల్యాబుకీ ఫలితాలు బాగానే కలిశాయి. ఒకే ల్యాబులో ఈ విడతకీ వచ్చే విడతకీ మాత్రం అంతగా కలవలేదు. అంటే తేడా పక్క ఊళ్లో కాదు, మన బల్ల మీదే ఉంది.

ప్రశ్న: మందేమీ వెయ్యని ఎన్2 (ల్యాబుల్లో వాడే మామూలు రకం) పురుగులు ఒక విడతలో సగటున 17 రోజులు, మరో విడతలో 22 రోజులు బతికాయి. గైడ్ గారు "నీ చెయ్యి కుదరలేదు" అంటున్నారు. ఎక్కడ వెతకాలి? (పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్)

చెయ్యి కుదరలేదంటే కుదరదమ్మా, ఆ మాటతో ఏదీ బాగుపడదు. అయిదు రోజుల తేడా సాధారణంగా ఒక్క కారణంతో రాదు. రెండు మూడు కలుస్తాయి. వెతకాల్సిన వరస ఇది.

మొట్టమొదట నోట్‌బుక్ తీసి, ఒకటో రోజు ఏదో చూడండి. గుడ్డు పెట్టిన రోజా, గుడ్డు పగిలిన రోజా, పెద్దపురుగైన రోజా? పైన చెప్పిన మూడు ల్యాబుల్లోనూ మొదట్లో ఒకరు గుడ్డు పగిలిన రోజు నుంచి, ఇంకొకరు గుడ్డు పెట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటూ పోయారు. అది తేలడానికే చాలా చర్చ పట్టింది. రెండు విడతల్లో మీరు రెండు రకాలుగా లెక్కపెట్టి ఉంటే అయిదులో మూడు రోజులు అక్కడే దొరుకుతాయి. శాతాలు కూడా మారతాయి. పెద్దపురుగైన రోజు నుంచి లెక్కిస్తే కంట్రోల్ (మందు వెయ్యనివి) 18 రోజులు, మందు వేసినవి 21 రోజులు అనుకుందాం. పెరుగుదల 16.7 శాతం. అవే పురుగుల్ని గుడ్డు నుంచి లెక్కిస్తే 21, 24. పెరుగుదల 14.3 శాతం. పురుగు అదే, మందు అదే.

ఈడు కలపడం ఎలా చేస్తున్నారన్నది దీని వెంటే వస్తుంది. బ్లీచూ, కాస్టిక్ సోడా ద్రావణంతో తల్లుల్ని కరిగించి గుడ్లు తీసే పద్ధతి వేలకొద్దీ పురుగులకు బాగుంటుంది. అయితే అర నిమిషం ఎక్కువైతే గుడ్లు దెబ్బతింటాయి, పిల్లల్ని తిండి లేకుండా ఆపిన గంటలు విడతకో రకంగా ఉంటాయి. ఆయుష్షు కొలిచేవాళ్లకు మా సలహా గడువు పెట్టి గుడ్లు పెట్టించడం. గుడ్లతో నిండిన తల్లుల్ని ఇరవై ముప్ఫైదాకా ఒక ప్లేటు మీద వదిలి, సరిగ్గా రెండు గంటలకు ఒక్కటీ మిగలకుండా తీసెయ్యండి. పిల్లలన్నీ రెండు గంటల తేడాలో ఒకే ఈడువి. తల్లులు కూడా కనీసం రెండు మూడు తరాలు ఆకలి ఎరగనివై ఉండాలి. తిండి అయిపోయి ముద్దగా మూగిన ప్లేటు నుంచి తల్లుల్ని తీసుకుంటే ఆ ప్రభావం పిల్లల దాకా వస్తుంది.

తర్వాత ఉష్ణోగ్రత. 20 డిగ్రీల దగ్గర రెండున్నర వారాలు బతికే పురుగు 25 దగ్గర రెండు వారాలు దాటడం కష్టం. లెక్కేస్తే ఒక్క డిగ్రీకి నాలుగు శాతం, అంతకంటే ఎక్కువే పడుతుంది. చాలామంది కొలిచేది ఎనిమిది, పది శాతం తేడాలే. ఇన్‌క్యుబేటర్ డబ్బా మీద 20.0 అని వెలిగే అంకె దాని సెన్సర్ దగ్గరిది, మీ ప్లేటు దగ్గరిది కాదు. మామూలు ఇన్‌క్యుబేటర్ గది వేడి కంటే కిందికి పోలేదు కాబట్టి మన దగ్గర ఈ పనికి చల్లబరిచే బీఓడీ ఇన్‌క్యుబేటరే గతి. అందులోనూ ఫ్యాన్ పక్క అర, తలుపు పక్క అర ఒకటి కావు. మూడు చిన్న డేటా లాగర్లు కొని, ఒక్కోదాని ప్రోబును అగర్ (పురుగుల్ని పెంచే జెల్లీ) పోసిన ఖాళీ ప్లేటులో గుచ్చి పై అర, నడిమి అర, కింది అరల్లో పెట్టండి. అయిదు నిమిషాలకోసారి నమోదు, వారం రోజులు. గాలి వేడి తలుపు తీసినప్పుడల్లా ఊగుతుంది, అగర్ వేడి నెమ్మదిగా మారుతుంది. పురుగుకి తగిలేది అగర్ వేడే. అరల మధ్య అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ఆ అరలు వాడకండి. మే నెలలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఏం జరిగిందో, వచ్చాక కంప్రెసర్ మళ్లీ మొదలైందో లేదో కూడా ఆ లాగరే చెబుతుంది. 17 రోజుల విడత వేసవిలో చేసిందైతే మేం ముందు చూసేది అదే.

మూడోది పురుగులకు తిండిగా వేసే బ్యాక్టీరియా పొర. ఓపీ50 రకం ఈ. కోలైని రాత్రంతా పెంచి, 60 మిల్లీమీటర్ల ప్లేటుకు 200 మైక్రోలీటర్లు వేసి, బల్ల మీద ఒకటి రెండు రోజులు ఆరనిస్తారు. బల్ల మీద అంటే గది వేడిలో. మే నెల గదిలో అది దట్టంగా పెరుగుతుంది, జనవరి గదిలో పలచగా. దట్టమైన పొరలో బతికే బ్యాక్టీరియా ముసలి పురుగు గొంతులో చేరి చంపుతుంది, పలచని పొరలో పురుగు అర్ధాకలితో ఉంటుంది. రెండూ ఆయుష్షును మారుస్తాయి. అందుకని పొరను కూడా ఇన్‌క్యుబేటర్‌లోనే, ఒకే వేడిలో, ఒకే గంటలు పెంచండి. చల్లే ముందు కల్చర్ సాంద్రతను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూసి ప్రతిసారీ ఒకే విలువకు తెచ్చుకోండి.

అగర్ విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. లీటరు ఎన్‌జీఎంకి (ఆ అగర్ మిశ్రమం పేరిది) ఉప్పు 3 గ్రాములు, పెప్టోన్ 2.5, అగర్ 17, నీళ్లు 975 మిల్లీలీటర్లు. ఆటోక్లేవ్ అయ్యి 55 డిగ్రీలకు చల్లారాక ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ 1 మిల్లీలీటరు, ఒక మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 1 మిల్లీలీటరు, ఇథనాల్‌లో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు కరిగించిన కొలెస్టరాల్ 1 మిల్లీలీటరు, పీహెచ్ 6.0 ఉన్న ఒక మోలార్ పొటాషియం ఫాస్ఫేట్ 25 మిల్లీలీటర్లు. ఇది అందరికీ తెలిసిందే. తెలిసీ చేసేది కంటికొలతతో పొయ్యడం. 60 మిల్లీమీటర్ల ప్లేటుకు 10 మిల్లీలీటర్లు అనుకుంటే పంపుతోనో పిప్పెట్‌తోనో సరిగ్గా పది మిల్లీలీటర్లే పొయ్యండి. పదిలో ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే అందులో ఉన్న మందు గాఢత 11 శాతం పెరిగిపోతుంది. వారం కిందటి ప్లేట్లూ నిన్నటి ప్లేట్లూ ఒకే ప్రయోగంలో కలిపితే అవి రెండు వేర్వేరు మోతాదులు. పెప్టోన్ డబ్బా, అగర్ డబ్బా మారినప్పుడు వాటి లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాయండి.

ఇక చివరిగా మీ ఎన్2 నిజంగా ఎన్2యేనా? మూడున్నర రోజులకో తరం అంటే ఏడాదికి వంద తరాలు. బల్ల మీద ఏళ్ల తరబడి ప్లేటు నుంచి ప్లేటుకు మారుతూ వచ్చిన పురుగు మొదట తెచ్చుకున్నది కాదు. ఎన్2 పేరుతోనే తిరుగుతున్న ఒక మగపురుగుల స్టాకులో ఎఫ్ఎల్ఎన్-2 జన్యువులో మార్పు ఉండి ఎక్కువకాలం బతుకుతుందని తర్వాత తేలింది కూడా. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని స్టాక్ సెంటర్ నుంచి తెప్పించి, రాగానే మైనస్ 80లో ముప్ఫై నలభై గొట్టాలు దాచి, కొన్ని నెలలకోసారి కొత్త గొట్టం కరిగించుకోండి. రెండు విడతల మధ్య స్టాకు మారిందేమో చూడండి.

ప్రశ్న: పిల్లలు పుట్టకుండా ఎఫ్‌యూడీఆర్ వేస్తున్నాం. అది వేస్తే ఫలితం చెడుతుందని కొందరు, వెయ్యకపోతే పని సాగదని కొందరు. ఎంత వెయ్యాలి? (ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి)

ఇద్దరూ చెప్పేది నిజమే. ఒక్కో పురుగు మూడు వందల దాకా పిల్లల్ని పెడుతుంది, నాలుగు రోజుల్లో తల్లి ఎవరో పిల్ల ఎవరో తెలియదు. ఎఫ్‌యూడీఆర్ డీఎన్ఏ తయారీని ఆపి గుడ్లు పొదగకుండా చేస్తుంది. పెద్దపురుగు ఒంట్లో కణాలు ఇక విభజన చెందవు కాబట్టి తల్లికి పెద్దగా ఏమీ కాదని దీన్ని వాడటం మొదలుపెట్టారు. "పెద్దగా" అన్న మాట దగ్గరే తంటా. మామూలు ఎన్2లో తేడా తక్కువ. టబ్-1, గ్యాస్-1 లాంటి జన్యువుల్లో మార్పులున్న రకాల్లో మాత్రం ఎఫ్‌యూడీఆర్ ఒక్కటే ఆయుష్షు పెంచుతుందని తేలింది. మీరు కొత్త రకంతో పనిచేస్తుంటే ఒక్క విడతైనా అది లేకుండా, పిల్లలు పెట్టే అయిదారు రోజులూ రోజూ తల్లుల్ని కొత్త ప్లేటుకు మారుస్తూ చేసి పోల్చుకోవాలి.

పాత పద్ధతుల్లో 400 మైక్రోమోలార్ దాకా వేసేవారు. 50 దగ్గర చాలు. దాని అణుభారం 246.2. అంటే 12.3 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరు నీటిలో కరిగించి, 55 డిగ్రీలకు చల్లారిన లీటరు అగర్‌లో కలిపితే సరిగ్గా 50. మొదటి రోజు వేసి మూడో రోజు మానెయ్యడం, రకానికో మోతాదు వెయ్యడం చెయ్యొద్దు. పురుగుల్ని ఆ ప్లేటు మీదికి పెద్దవయ్యాకే మార్చండి. ముందే మారిస్తే పెరుగుదల ఆగిపోయి గర్భాశయం చితికిన పురుగులు వస్తాయి. క్యాన్సర్‌కు వాడే మందు అది, చేతికి గ్లవ్స్ ఉండాలి, మిగిలింది సింక్‌లో పొయ్యకూడదు.

ప్రశ్న: ప్లేటు గోడ ఎక్కి ఎండిపోయిన పురుగుల్ని చచ్చినవాటిలో కలపాలా? (అదే ల్యాబు నుంచి)

కలపకూడదు. తీసేసి మరచిపోకూడదు కూడా. గోడెక్కి ఎండినవి, కడుపులోనే పిల్లలు పొదిగి చచ్చినవి, జననాంగం దగ్గర పేగు బయటపడి చచ్చినవి, తీగ తగిలి చచ్చినవి, కనిపించకుండా పోయినవి, వీటన్నిటినీ ఆ రోజు దాకా బతికి ఉన్నట్టు లెక్కగట్టి "లెక్క నుంచి తొలగింపు" అని కారణంతో సహా రాయాలి. ఏ రోజుకి ఎన్ని బతికున్నాయో కట్టే కప్లాన్-మేయర్ లెక్క వాటిని ఎలా వాడుకోవాలో చూసుకుంటుంది. ఏది ఏ వర్గమో ప్రయోగానికి ముందే రాసుకోండి. మందు వేసిన ప్లేట్లలోనే ఎక్కువ పురుగులు గోడెక్కుతుంటే ఆ మందు వాటికి పడటం లేదని అర్థం, అప్పుడు మిగిలినవాటి ఆయుష్షు నమ్మదగింది కాదు. ఇథనాల్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల పామిటిక్ ఆమ్లం కరిగించి ప్లేటు అంచు చుట్టూ గీతలా పూసి ఆరనిస్తే చాలావరకు ఆగుతాయి.

చావు అంటే ఏమిటో కూడా రాసుకోవాలి. ప్లాటినం తీగతో తల మీద మెల్లగా మూడుసార్లు తాకినా కదలకపోతే చచ్చినట్టు. ఒకరు తోక మీద తాకి, ఇంకొకరు ప్లేటును బల్లకు తట్టి చూస్తే ముసలి పురుగుల్లో ఒకటి రెండు రోజుల తేడా వస్తుంది.

ప్రశ్న: మందును ప్లేటులో ఎలా కలపాలి? మందు కరిగించే డీఎంఎస్ఓ ద్రవం ఎంత దాకా వెయ్యొచ్చు? (ఫార్మసీ విద్యార్థిని, వరంగల్)

ఎంత తక్కువైతే అంత మంచిది. అర శాతానికి చేరితే డీఎంఎస్ఓ ఒక్కటే ఆయుష్షు మార్చగలదు. 100 మిల్లీమోలార్ స్టాకు చేసుకోగలిగితే 10 మిల్లీలీటర్ల ప్లేటుకు 5 మైక్రోలీటర్లు చాలు. మందు 50 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ 0.05 శాతం. ఆ 5 మైక్రోలీటర్లను నేరుగా వెయ్యకండి, అది పడ్డచోట బ్యాక్టీరియా చచ్చి గుంట పడుతుంది. 200 మైక్రోలీటర్ల శుభ్రమైన నీటిలో కలిపి, ఆరిన పొర మీద పోసి, ప్లేటును వంచుతూ అంచు దాకా పరిచి, రాత్రంతా ఇంకనివ్వండి. కంట్రోల్ ప్లేట్లకూ అదే నీరు, అదే డీఎంఎస్ఓ, అదే గంట. నీటిలో కలపగానే తెల్లగా పొగలా విడిపోతే మందు కరగలేదని. అలాంటప్పుడు కరిగే మోతాదుకు దిగాలి.

ఇంకో మెలిక ఉంది. ప్లేటు మీద పురుగొక్కటే కాదు, బతికున్న ఈ. కోలై కూడా ఉంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ పురుగు ఆయుష్షు పెంచేది చాలావరకు ఆ బ్యాక్టీరియా ఫోలేట్, మెథియోనిన్ తయారీని మార్చడం ద్వారానని 2013లో తేలింది. అతినీలలోహిత కిరణాలతో చంపిన బ్యాక్టీరియా మీద ఒక విడత చేస్తే మందు పురుగు మీద పనిచేస్తోందో, దాని తిండి మీద పనిచేస్తోందో తెలిసిపోతుంది. చంపాక కొంచెం కొత్త ప్లేటు మీద గీసి, మొలవలేదని రూఢి చేసుకోవాలి.

మందు వేసేవాళ్లు ఒకరు, చావులు లెక్కపెట్టేవాళ్లు ఇంకొకరు కావాలి. ప్లేటు అడుగున కోడ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ప్రశ్న: ఆ థయోఫ్లేవిన్-టీ మనుషులకు దొరుకుతుందా? (పాఠకుడు, విజయవాడ)

దొరికినా వద్దు. అది సూక్ష్మదర్శిని కింద ప్రోటీన్ ముద్దల్ని మెరిసేలా చేసే రంగు.

ప్రశ్న: ఎన్ని పురుగులు ఉండాలి? మా దగ్గర కంట్రోల్ 40, మందు 40 పెడుతున్నాం. (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

సగటు 18 రోజులు, దాని చుట్టూ చెదురు, అంటే ప్రామాణిక విచలనం, 4 రోజులు అనుకుందాం. పెరుగుదలను అయిదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు కావల్సినవి ఇలా వస్తాయి. ఇరవై శాతం తేడాకైతే 20 పురుగులు, పది శాతానికి 78, అయిదు శాతానికి 310. మీ నలభైతో పది శాతం తేడా సగంసార్లు జారిపోతుంది.

అదీ ప్రతి పురుగూ వేరే ప్లేటులో ఉన్నప్పటి మాట. ఒకే ప్లేటులోని పురుగులు ఒకే అగర్, ఒకే పొర, ఒకే అర పంచుకుంటాయి, అందుకే కలిసి బతుకుతాయి, కలిసి చస్తాయి. ప్లేటుకు 35 పురుగులు, వాటి మధ్య పోలిక కేవలం 0.05 అనుకున్నా కావల్సిన సంఖ్య 2.7 రెట్లవుతుంది. 78 కాస్తా 211, అంటే దాదాపు ఆరు ప్లేట్లు. పెద్ద ప్లేటులో 200 కుక్కడం కంటే ఆరు చిన్న ప్లేట్లు, ఆరు చోట్ల పెట్టడం మేలు. విశ్లేషణలో ప్లేటును, విడతను యాదృచ్ఛిక ప్రభావాలుగా తీసుకుని చావు వేగాన్ని పోల్చే కాక్స్ మోడల్ వాడండి. పురుగులన్నిటినీ ఒక కుప్ప పోసి లాగ్-ర్యాంక్ పరీక్ష చేస్తే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. రోజూ లెక్కపెట్టనక్కర్లేదు, సోమ బుధ శుక్రవారాలు చాలు. మిగిలిన ఓపికను పురుగుల సంఖ్య మీద పెట్టండి. మూడు విడతలు వేర్వేరు వారాల్లో, వేర్వేరు తల్లులతో మొదలవ్వాలి. ఒకే రోజు మొదలుపెట్టిన మూడు ప్లేట్లను మూడు విడతలని రాయడం మన దగ్గర చాలా చూస్తున్నాం. అది ఒక్క విడతే.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. బయాలజీ స్నేహితుల కోసం పురుగుల చావును కెమెరాతో నమోదు చేసే యంత్రం చెయ్యాలనుకుంటున్నాను. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తో అవుతుందని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? (విశాఖపట్నం)

అవుతుంది. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో నికొలస్ స్ట్రౌస్ట్రప్, వాల్టర్ ఫోంటానా బృందం 2013లో ప్రచురించిన "లైఫ్‌స్పాన్ మెషిన్" ఆ పనే చేస్తుంది. ఒక్కో స్కానర్ మీద 16 ప్లేట్లు, ప్లేటుకు 35 పురుగుల చొప్పున దాదాపు 560. దాని సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కొత్తగా రాయకండి. మీరు తలపెట్టాల్సింది పెట్టె, వేడి, కాంతి, నిల్వ.

స్కానర్ ఎంపికతోనే సగం పని. పలచగా, చవగ్గా దొరికే సీఐఎస్ రకం పనికిరాదు. గాజుకు ఆనుకున్న కాగితం తప్ప అర మిల్లీమీటరు పైనున్నది కూడా దానికి మసకే. సీసీడీ రకం, అదీ మూతలో దీపం ఉండి ఫిల్ములు స్కాన్ చేసేది కావాలి. పురుగూ అగరూ రెండూ పారదర్శకం కాబట్టి కాంతి పైనుంచి ప్లేటు గుండా కిందికి రావాలి. ఎప్సన్ వీ700, వీ800 తరహా అందుకే వాడతారు. 3200 డీపీఐ దగ్గర బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) 8 మైక్రాన్లు. మిల్లీమీటరు పురుగు 126 చుక్కల పొడవు, ఎనిమిది పది చుక్కల వెడల్పు ఉంటుంది. 1200కు దిగితే వెడల్పు మూడు చుక్కలు, తల కదిలిందో లేదో తెలియదు.

నిల్వ లెక్క ముందే వేసుకోండి. 50 మిల్లీమీటర్ల ప్లేటు ఒక్కొక్కటీ దాదాపు 6,300 చుక్కల చదరం, 4 కోట్ల చుక్కలు. పదహారుకు కుదించని బొమ్మ 635 మెగాబైట్లు. గంటకోసారి, ఇరవై రోజులు తీస్తే 480 సార్లు, 305 గిగాబైట్లు. ఒక్క స్కానర్‌కి.

ప్లేట్లను మూత తీసి గాజు మీద బోర్లిస్తారు, చుట్టూ రబ్బరు మ్యాట్ బిగుతుగా పట్టుకుని కదలకుండా, ఆరిపోకుండా చూస్తుంది. ఇక్కడ మూడు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతాయి. అగర్ ఎత్తు ప్లేటుకో రకంగా ఉండి ఫోకస్ తప్పడం మొదటిది. ఒకే ప్లేటు రకం, పంపుతో పోసిన ఒకే కొలత ఉంటే అది రాదు. రెండోది గాజు మీద చెమ్మ. చల్లని ప్లేటు తెచ్చి వెచ్చని గాజు మీద పెడితే అరగంటలో తెల్లబడుతుంది. ప్లేట్లను రాత్రంతా స్కానర్ ఉన్న గదిలోనే ఉంచి, గాజుకు కారు అద్దాలకు పూసే చెమ్మ పట్టని ద్రవం రుద్ది, అప్పుడు ఎక్కించండి. మూడోది వేడి. స్కానర్‌లో దీపం, మోటారు, ఎలక్ట్రానిక్స్ రాత్రీ పగలూ నడుస్తాయి. బయట గది 20 ఉన్నా గాజు మీద రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. స్కానర్ ఒంటికి ఫ్యాన్లు పెట్టి గాలి ఆడించండి, ప్రతి స్కానర్ గాజు మీద నాలుగు మూలల్లో ప్రోబులు పెట్టి కొలవండి, కొలిచింది చూసి గది వేడి తగ్గించండి. గాజు మీద 20 ఉండాలి, గోడ మీద కాదు.

కాంతి కూడా మందు లాంటిదే. కనిపించే కాంతి, ముఖ్యంగా నీలం వైపుది, పురుగు ఆయుష్షు తగ్గిస్తుంది. అయిదు నిమిషాలకోసారి తీస్తే అందమైన వీడియో వస్తుంది, పురుగులు తొందరగా చస్తాయి. అందుకే పోల్చే గుంపులన్నీ ఒకే లయలో స్కాన్ కావాలి, ఆ లయ నివేదికలో రాయాలి.

సాఫ్ట్‌వేర్ చావును తాకి చూడదు. పురుగు భంగిమ ఆఖరుసారి ఎప్పుడు మారిందో వెనక్కి వెళ్లి పట్టుకుంటుంది. ముసలి పురుగు ఒకచోట పడి తల మాత్రం ఊపుతుంది, ఆ ఊపు ఆగిన గంట కావాలి. అగర్ పగులు, దుమ్ము, పొదగని గుడ్ల గుట్ట, పెనవేసుకున్న రెండు పురుగులు, వీటిని పురుగులుగా పట్టుకుంటుంది. పక్కనున్న పురుగు వచ్చి శవాన్ని నెడితే చచ్చింది బతికినట్టు రాస్తుంది. అందుకని ఒక్కో చావునూ మనిషి తెర మీద చూసి ఒప్పుకోవాల్సిందే. ఇది మానెయ్యగలిగితే మానెయ్యాలని అందరికీ ఉంటుంది. మానెయ్యకండి.

ప్లేట్లు ఎలా సర్దుతారన్నది అన్నిటికంటే ముఖ్యం. కంట్రోల్ అంతా ఒకటో స్కానర్‌లో, మందు అంతా రెండో స్కానర్‌లో పెడితే మీరు కొలిచేది రెండు స్కానర్ల తేడా. ప్రతి స్కానర్‌లోనూ అన్ని గుంపులూ, మూలలూ మధ్యా చీటీ వేసి పంచి ఉండాలి.

ప్రశ్న: యంత్రం వచ్చాక చేతి లెక్క మానెయ్యొచ్చా? రెండూ కలవకపోతే ఏది నమ్మాలి? (ఎడిసన్, న్యూజెర్సీ)

మానెయ్యకండి. పైన చెప్పిన మూడు ల్యాబులూ స్కానర్లు తెచ్చుకుని అవే పురుగుల్ని, అవే రసాయనాల్ని రెండు పద్ధతుల్లోనూ చూశాయి. కొన్ని రసాయనాల ప్రభావం చేతి పద్ధతిలో ఒకలా, యంత్రంలో మరోలా వచ్చిందని 2019లో రాశాయి. ఇందులో ఏదో ఒకటి తప్పు అనుకోనక్కర్లేదు. చేతి పద్ధతిలో పురుగును కొత్త ప్లేటుకు మారుస్తారు, తీగతో తాకుతారు, కొత్త తిండీ కొత్త మందూ అందుతాయి. స్కానర్‌లో అది వారాల తరబడి ఒకే ప్లేటు మీద, ఆరిపోయే తిండితో, కాంతి కింద, ఎవరూ ముట్టకుండా ఉంటుంది. మందు పాతబడి విరిగిపోయేదైతే రెండో పద్ధతిలో దాని మోతాదు రోజురోజుకీ తగ్గుతుంది.

కొత్తగా యంత్రం పెట్టినప్పుడు మందు జోలికి పోకుండా ముందు మూడు రకాలు నడపండి. ఎన్2, ఎక్కువకాలం బతికే డాఫ్-2, తక్కువకాలం బతికే డాఫ్-16. ఒకే తల్లుల పిల్లల్ని సగం చేతి పద్ధతికి, సగం స్కానర్‌కి పంచండి. డాఫ్-2 పిల్లల్ని 25 డిగ్రీల్లో పెంచితే నిద్రావస్థకు పోతాయి, వాటిని 20 లోపే పెంచాలి. మూడిటి వరసా, వాటి మధ్య నిష్పత్తీ రెండు పద్ధతుల్లోనూ నిలబడితే యంత్రం సిద్ధమైనట్టు. రోజుల అంకె అచ్చంగా కలవకపోయినా ఫర్వాలేదు. వరస తారుమారైతే సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు ప్రోబుల ఫైలు తెరిచి చూడండి.